ముట్టుకుంటే తోవ చెప్పే గోడ

6 ఏప్రిల్ 1987, సోమవారం

ఈరోజు పగలు మూడు గంటలకు గోడ నా మాట విన్నది.

దుకాణం వెనక గదిలో కిటికీకి గోనెసంచి కట్టి, స్లైడు ప్రొజెక్టరుతో గోడ మీద కన్ను బొమ్మ వేశాను. బొమ్మ మీద అరచెయ్యి పెట్టాను. మూలన బల్బు వెలిగింది. చెయ్యి తీశాను. ఆరింది. ఇరవై సార్లు పెట్టి తీశాను, ఇరవై సార్లూ వెలిగింది.

పద్దెనిమిది. రెండుసార్లు వెలగలేదు. నా డైరీలో నేనే అబద్ధం రాసుకుంటే ఎట్లా.

సారంగపాణి సేటు లోపలికి వచ్చి చూశాడు. ఈ టీవీ రిపేరు దుకాణానికి యజమాని ఆయన. స్క్రూడ్రైవరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని యజమాని.

‘దీన్తోని ఏమైతదిరా?’

‘గోడను ముడితే బల్బు వెలుగుతది సేటూ.’

‘స్విచ్చి ముట్టినా వెలుగుతది గదా. స్విచ్చికి ఇంత లొల్లి ఉండదు.’

మూడోసారి చెప్పాను. గోడలో ఏమీ లేదు. తీగ లేదు, స్విచ్చి లేదు. వట్టి సున్నం గోడ. పైనుంచి ఒక పాత బ్లాక్ అండ్ వైట్ కెమెరా దాన్ని చూస్తూ ఉంటుంది. అది చూసింది చిన్న టీవీలో పడుతుంది. టీవీ అద్దం మీద, కన్ను బొమ్మ కనిపించే చోట, వెలుతురును పసిగట్టే బిళ్ళ ఒకటి అంటించాను. పొద్దుగూకగానే వీధి దీపాలు వాటంతట అవి వెలగాలంటే పెట్టేది ఆ బిళ్ళనే. గోడ మీద చెయ్యి పెడితే టీవీలో ఆ చోటు నల్లబడుతుంది. బిళ్ళ చీకటి పడిందనుకుంటుంది. రిలే టక్కుమంటుంది. బల్బు వెలుగుతుంది. అంతే.

అంతా విని సేటు అడిగింది ఒకటే మాట: ‘అద్దానికి గమ్ము పూసినవా? ఎవని టీవీరా అది?’

9 ఏప్రిల్

డాక్టర్ రాజేశ్వర్ రావు గారు తన వీసీఆర్ తీసుకుపోవడానికి వచ్చారు. గోడ చూపించాను. ఆయన చెయ్యి పెట్టారు. వెలగలేదు. నేను పెట్టాను. వెలిగింది. ఆయన మళ్ళీ పెట్టారు. వెలగలేదు. ఆయన చెయ్యి దాదాపు సున్నం రంగు. కెమెరాకు గోడకూ చేతికీ తేడా తెలియలేదు. ఎండలో మాడిన చేతినైతే వెంటనే పట్టుకుంటుంది.

‘ఏమయ్యా, ఇది మీ నల్ల చేతుల పార్టీ గోడనా?’ అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ మాట నచ్చింది. స్క్రూ తిప్పి ఆయన చేతికి కూడా వెలిగించాను.

హన్మకొండలో ఆయన కొత్త నర్సింగ్ హోమ్ తెరుస్తున్నారు. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు బోర్డులు చదవలేరు. ఎటు పోవాలె సారూ, ఎటు పోవాలె సారూ అని రోజంతా అడుగుతారట. ఈ గోడ వాళ్ళకు తోవ చెప్పగలదా అని అడిగారు. చెప్పగలదు అన్నాను. ఎవరు చేశారు అని అడిగారు.

‘మా దుకాణంల చేసినం సార్’ అన్నాడు సేటు.

చేశామట. నేను టంకం పెడుతుంటే పక్క గదిలో గుర్రుపెట్టి సాయం చేశాడు.

నాకు కోపం లేదు. పేరు కోసం చేయలేదు.

10 ఏప్రిల్

ఎందుకు చేశానో ఒక్కసారి రాసుకుంటాను, మళ్ళీ రాయను.

రెండేళ్ళ కింద మా అవ్వ కన్ను చూపించుకోవడానికి ఒక దవాఖానకు ఒక్కతే పోయింది. అక్కడ ఒకణ్ణి అడిగితే ‘బోర్డు మీద రాసి లేదా?’ అన్నాడట. చీటీ చేతిలో పట్టుకొని పళ్ళ డాక్టరు తలుపు ముందు సాయంత్రం దాకా కూర్చుంది. ఇంటికి వచ్చి ‘డాక్టరు లేడు బిడ్డా’ అని చెప్పింది. నిజం చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. అప్పటికి ఆ కంటికి నీడలు తప్ప ఏమీ మిగలలేదు.

డాక్టరు గారి షరతు ఇది. ప్రారంభం ముప్పయ్యో తారీఖు. తర్వాత వారం రోజులు చూస్తారు. జనం ఎవరినీ అడగకుండా వాళ్ళంతట వాళ్ళు సరైన తలుపుకు పోతే గోడ ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి నాకు అక్కడే పర్మినెంటు ఉద్యోగం. లేకపోతే గోడకు బోర్డు తగిలిస్తారు, నా సామాను దుకాణానికి పోతుంది, సామాను వెంట నేను.

పదో తరగతి తప్పినవాడికి అపాయింట్‌మెంట్ లెటర్! చిల్లర బజారులో కొన్న చిరిగిన పుస్తకాలు, కాలిపోయిన సెట్లు, ఇవే నా కాలేజీ.

13 ఏప్రిల్

కరెంటు లేదు.

14 ఏప్రిల్

లేదు.

15 ఏప్రిల్

వచ్చింది. నలభై నిమిషాలు.

17 ఏప్రిల్, మంచి శుక్రవారం

పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఉండాల్సినవాణ్ణి నిచ్చెన మీద ఉన్నాను. ‘ప్రభువు సిలువనెక్కిన్నాడు నువ్వు నిచ్చెనెక్కుతవారా?’ అని అవ్వ పొద్దున్నే అందుకుంది.

నర్సింగ్ హోమ్ హాలులో బిగింపు అయింది. ప్రొజెక్టరూ కెమెరా రెండూ కప్పు కింద, గోడకు ఏటవాలుగా. గోడ మీద నాలుగు బొమ్మలు పడతాయి. కన్ను, పన్ను, విరిగిన కాలు, కడుపుతో ఉన్న ఆడమనిషి. నాలుగు గదుల తలుపులకూ నాలుగు రంగులు వేయించారు. కన్నును ముట్టుకుంటే పక్కనే గోడ మీద నీలం తలుపు బొమ్మ పడుతుంది. పాలపొడి డబ్బాలో బల్బు, ముందు భూతద్దం, మధ్యలో స్లైడు. అట్లాంటివి నాలుగు చేశాను. బొమ్మలో నీలం తలుపు చూసి, ఎదురుగా నీలం తలుపుకు పోవాలి. అక్షరం అక్కర్లేదు. ఎవడి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

హాలు ఊడ్చే రాజక్క చీపురు ఆనించి చాలాసేపు చూసింది.

‘ఇన్ని డబ్బాలు, ఇన్ని అద్దాలు. తోవ చెప్పుడుకేనా తమ్మీ?’

‘అవునక్కా.’

‘నోటితోని చెప్తే కాదా?’

‘నోరున్నోళ్ళు చెప్తలేరు గదక్కా. అందుకే.’

తర్వాత ఉతకాల్సిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకొని గోడ ముందు నుంచి పోయింది. నాలుగు డబ్బాలూ ఒక్కసారి వెలిగాయి.

‘చూసినవా! నా నెత్తి మీది మూటకు నాలుగు రోగాలున్నయంటాంది నీ గోడ.’

నేను తప్ప హాలులో అందరూ నవ్వారు.

22 ఏప్రిల్

కెమెరాను రెండు జానలు పక్కకు జరిపాను. ఇప్పుడు మూటలు అడ్డం రావు. అయితే బొమ్మలు జరిగాయి, బిళ్ళలు మళ్ళీ పీకి అంటించాను. ప్రొజెక్టరు కదిలితే తెలియడానికి గోడ మీద పెన్సిలుతో నాలుగు చిన్న ఇంటూలు గీశాను. బొమ్మల నడిమధ్య సరిగ్గా అక్కడ పడాలి.

సేటు వచ్చి ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ప్రారంభం నాడు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. ‘నేను దీన్ని ఎట్లా కనిపెట్టానంటే’ అని మొదలుపెట్టి రాసిచ్చాను. నవ్వుకుంటూనే రాశాను.

30 ఏప్రిల్, గురువారం

రాస్తుంటే రెండుసార్లు కాగితం చిరిగింది. కోపంతో. భయంతో కాదు.

పదిన్నరకు ప్రారంభం. ఎనిమిదిన్నరకు అంతా సరిగ్గా ఉంది. ఫ్యూజు వైరు కోసం చౌరస్తా దాకా పోయాను. అరగంట. తిరిగి వచ్చేసరికి గోడ మీద నాలుగు బొట్లు.

బొట్లంటే చిన్నవి కావు. ఒక్కొక్కటి అరచేయంత పసుపు, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ. పైన మామిడాకుల తోరణం. డాక్టరు గారి తల్లి కళావతమ్మ గారు పళ్ళెం పట్టుకొని తన పని చూసి తానే మురిసిపోతున్నారు.

‘అమ్మా, ఇదేందమ్మా!’

‘కొత్త మిషను గద బిడ్డా. బొట్టు పెట్టకుంట ఎట్ల మొదలువెడ్తరు? దానికే పెడ్దామంటే కప్పుకాడుండె, అందలే. అందుకే గోడకు పెట్టిన.’

‘సరిగ్గ ఆ నాలుగు చోట్లనే ఎందుకు పెట్టిండ్రు?’

‘నువ్వే గీసినవు గదా పెన్సిలుతోని. పిలగాడెంత బుద్ధిమంతుడు, క్రీస్తువులాయనైనా బొట్లకు జాగ గుర్తువెట్టిండు అని మావాళ్ళందరికి చెప్పిన.’

స్విచ్చి వేశాను. నాలుగు డబ్బాలూ వెలిగాయి. ఎవరూ ముట్టకుండానే గోడ మీద నాలుగు రంగుల తలుపులు పడి కూర్చున్నాయి. కెమెరాకు కుంకుమ అంటే నలుపు. నాలుగు చేతులు గోడ మీద ఉన్నాయని అది అనుకుంటోంది. అవి తీయవు, పోవు.

తడిబట్ట తీసుకొని గోడ దగ్గరికి నడిచాను. సేటు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

‘పిచ్చి లేసిందారా నీకు? దానియేలు కొడుకు బొట్లు తుడిచిండంటే రేపు నా దుకాణం మెట్లెవడెక్కుతడు?’

‘అయితే నువ్వు తుడువు.’

‘ఇంట్ల ముత్తైదువను పెట్టుకొని నేను బొట్టు తుడుస్తనా?’

రాజక్క వైపు చూశాను. ‘నన్ను ఇరికియ్యకు తమ్మీ. హాలు మొత్తం ఊడుస్తగని ఆ బొట్లు ముట్ట’ అని చీపురు తీసుకొని బయటికి పోయింది.

ఇంతమందిలో తుడిచేవాడు ఒక్కడు లేడు. తడిబట్టతో రెండు నిమిషాల పని.

గంటంబావు టైం ఉంది. తుడవనిస్తలేరు కాబట్టి మిషనుకే చెప్పాను. ఎంత నల్లబడితే చెయ్యి అనుకోవాలో చెప్పే స్క్రూలు నాలుగున్నాయి. ఒక్కొక్కటి వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. కుంకుమ నలుపు లెక్క కాదు, కుంకుమ మీద చెయ్యి పెడితేనే లెక్క. ఫ్యాను గాలికి తోరణం ఆకు ఊగి కన్ను మీద నీడ పడింది. ఫ్యాను ఆపించాను. వచ్చిన పెద్దమనుషులంతా చెమటలు కక్కుతూ, నిచ్చెన మీద నా కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. పదీ ఇరవై అయిదుకు కిందికి దిగాను. హాలు మూలన కట్టిన తెర వెనక్కి పొమ్మన్నాడు సేటు. పోయాను.

డాక్టరు గారు కన్ను మీద చెయ్యి పెట్టారు. నీలం తలుపు పడింది. ఒక్కటే. చప్పట్లు. సేటు కాగితం చూసి చదివాడు. ‘నేను దీన్ని ఎట్లా కనిపెట్టానంటే’ అన్న చోట గొంతు కూడా సవరించుకున్నాడు. కళావతమ్మ గారు ఆయన మెడలో దండ వేశారు.

నాకు కోపం లేదు.

1 మే

మొదటి రోజు రోగులు వచ్చారు. హాలు చీకటిగా ఉండాలి కాబట్టి కిటికీలకు దుప్పట్లు కట్టాము. నేను తెర వెనక. నా పని చూడడం, లెక్క రాసుకోవడం.

మొదట వచ్చినామె చీకట్లో వెలుగుతున్న గోడను చూసింది, బొట్లను చూసింది, చెప్పులు బయట విడిచి వచ్చింది. కళ్ళు మూసుకొని కన్ను బొమ్మను వేళ్ళతో అంటి, ఆ వేళ్ళు కళ్ళకు అద్దుకుంది. అంటినంతసేపు నీలం తలుపు గోడ మీద పడింది. కళ్ళు తెరిచేసరికి ఆరిపోయింది. ఆమె చుట్టూ చూసి రాజక్కను అడిగింది: ‘ఇది ఏ తల్లి అవ్వా?’

2 మే

కండెన్సరు పెట్టాను. ఇప్పుడు చెయ్యి తీసినా పదిహేను సెకన్లు వెలుగుతుంది. ఈరోజు ఒకామె కళ్ళు తెరిచి నీలం తలుపు బొమ్మను చూసింది. దానికీ మొక్కింది.

మొక్కనివాళ్ళు అసలు ముట్టరు. ‘ముట్టచ్చా బాంచెన్?’ అని అడుగుతారు. ఎవరిని అడుగుతున్నారు, గోడనా? కొత్త సున్నం మాసిపోతుందని మిగతా గోడలన్నిటికీ కళావతమ్మ గారు కాపలా. ‘గోడ ముట్టకుండ్రి! ముట్టకుండ్రి!’ పుట్టినప్పటి నుంచి ముట్టకుండ్రి అని విన్నవాళ్ళు. నేను చేసిందేమో ముడితే పలికే గోడ.

3 మే, ఆదివారం

లెక్క చూశాను. రెండు రోజుల్లో నలభై ఆరుగురు. సరైన తలుపుకు పోయినవాళ్ళు ముప్పై ఒక్కరు. బాగుంది. చాలా బాగుంది. వందకు దగ్గర దగ్గర డెబ్బై. డాక్టరు గారికి చూపించడానికి ఎర్ర సిరాతో మళ్ళీ రాశాను. చర్చి నుంచి వచ్చాక అవ్వకు కూడా చదివి వినిపించాను. ‘లెటరు ఇస్తరా అయితే?’ అంది. ఇస్తరు అన్నాను.

4 మే

ఎర్ర సిరా లెక్క రాజక్కకు చెప్పడం నాదే తప్పు.

‘ముప్పై ఒక్కలా! నువ్వు తెరెనుకనుంచి కన్ను ముట్టవ్వా, కన్ను ముట్టు, ఇగ నీలం తలుపుకు పో అని ఒర్రుతాన్నవు. వాళ్ళు నీ మాట ఇని పోతాండ్రు. గోడ మాట ఎవలిన్నరు?’

‘మొదట్ల చెప్పాలె గదక్కా. అలవాటు కావద్దా?’

‘రోగమొచ్చి దవాఖానకు ఎన్నిసార్లొస్తరు తమ్మీ, అలవాటు చేసుకోను? నాకు తెల్వకడుగుతాన్న. ఆ కన్ను బొమ్మ గోడ మీదెందుకు? తలుపు మీదనే గీస్తే అయిపాయె గదా. కన్ను నొచ్చినోడు కన్నున్న తలుపుకు పోతడు.’

ఊడ్చుకుంటూ పోయింది.

5 మే

రాజక్కకు ఏం తెలుసు.

5 మే, సాయంత్రం

కెమెరా గురించి రాజక్కకు ఏం తెలుసు. రిలే అంటే తెలుసా? చీకటి బిళ్ళ అంటే తెలుసా? నాలుగు తలుపుల మీద నాలుగు బొమ్మలు గీస్తే సరిపోతుందట. అదేమన్నా పనా? అది ఎవడైనా చేస్తాడు.

6 మే

పొద్దున్నుంచి నోరు మూసుకున్నాను. నిజంగానే. తెర వెనక రుమాలు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను. పదకొండు దాకా ఇరవై ఇద్దరు వచ్చారు. గోడను ముట్టింది ముగ్గురు. అందులో ఒకాయన కాలు జారి పట్టుకున్నాడు. కాలు నొప్పికి వచ్చిన ఆ మనిషికి గోడ ప్రసూతి గది చూపించింది. మిగతా వాళ్ళంతా రాజక్కనే అడిగారు. ఆమె చెప్పింది. ఒక్కసారి కూడా నా వైపు చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పదకొండింటికి కరెంటు పోయింది. గోడ చచ్చింది. దుప్పట్లు తీసేశారు. వెలుతురు వచ్చింది.

రాజక్క మాట తప్పని తేల్చేద్దామనుకున్నాను. వంటగది నుంచి బొగ్గు ముక్క తెచ్చాను. నీలం తలుపు మీద కన్ను గీశాను. తర్వాత పన్ను. తర్వాత కాలు. ఎర్ర తలుపు మీద కడుపుతో ఉన్న మనిషిని గీస్తే గుమ్మడికాయలా వచ్చింది. కావాలనే బాగా గీయలేదు. మధ్యాహ్నం తర్వాత మూల బెంచీ మీద కూర్చొని లెక్క పెట్టాను.

పందొమ్మిది మంది వచ్చారు. పందొమ్మిది మందీ పోయారు. ఒక్కాయన మాత్రం ఆగి అడిగాడు. తాగే నీళ్ళు ఎక్కడ అని.

గుమ్మడికాయ తలుపుకు కూడా సరిగ్గానే పోయారు.

7 మే, గురువారం

డాక్టరు గారి గదిలో బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. తలకిందులుగా చదివాను. నా పేరు ఉంది. తండ్రి పేరు దానియేలు అని కూడా ఉంది. ఇంతవరకు నా పేరు టైపులో ఎప్పుడూ చూడలేదు.

‘ఫస్ట్ క్లాస్ సార్’ అన్నాడు సేటు. ‘వందకు డెబ్బైమంది. లెక్కుంది మా దగ్గర. చూపియ్యిరా.’

జేబులో రెండు లెక్కలున్నాయి. ఎర్ర సిరాది ఒకటి, నిన్నటిది ఒకటి.

‘నువ్వు చెప్పు ఏలియా’ అన్నారు డాక్టరు గారు. ‘ఎవర్ని అడగకుండ పోతున్నరా?’

అవును సార్ అనే మాట నాలుక చివరే ఉంది. నెల రోజులు టంకం పొగ మింగాను. గోడ పనిచేస్తుంది, అది అబద్ధం కాదు. ముడితే వెలుగుతుంది. కుంకుమ మీద కూడా వెలిగించాను, ఈ జిల్లాలో ఇంకెవడన్నా చేస్తాడా? కానీ ఆయన అడిగింది వెలుగుతుందా అని కాదు. చీటీ పట్టుకొని సాయంత్రం దాకా కూర్చున్న మనిషి మా ఇంట్లోనే ఉంది.

‘లేదు సార్. నేను తెర వెనక నుంచి చెప్తే పోయారు. నోరు మూసుకుంటే పోలేదు.’

సేటు బల్ల కింద నా కాలు తొక్కాడు. తొక్కనిచ్చాను.

‘నిన్న కరెంటు లేనప్పుడు తలుపుల మీద బొగ్గుతో గీస్తే అందరూ పోయారు సార్. అది చెప్పింది మీ రాజక్క. బొమ్మలు గీయించండి. గోడ తీసేస్తాను.’

డాక్టరు గారు టైపు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు.

‘మరి గోడ లేకపోతే నీకు ఉద్యోగం ఏమని ఇయ్యాలె?’

‘ఇయ్యక్కర్లే సార్.’

ఆయన కాగితం సొరుగులో పెట్టారు. చింపలేదు. చింపితే బాగుండేది. తర్వాత, స్లైడ్ల మీద బొమ్మలు నువ్వే వేశావు కదా, తలుపుల మీద కూడా నువ్వే వెయ్యి, రేపు పెయింటు తెప్పిస్తాను అన్నారు.

బయటికి రాగానే సేటు మొదలుపెట్టాడు. ‘పెద్ద నీతిమంతుడు బయలెల్లిండు! నా మెడల దండ ఏసిండ్రు గదరా, ఆ దండకన్న ఇజ్జతియ్యవా? నా ముఖమెక్కడ పెట్టుకోవాలె?’

‘నువ్వే కనిపెట్టినవు గదా సేటూ. ఇంకోటి కనిపెట్టు.’

దుకాణానికి రావద్దన్నాడు. సోమవారానికి ఆయనే మళ్ళీ రమ్మంటాడు. పరకాలలో మూడు టీవీలు బాగుచేసి ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు.

ఇంటికి వచ్చి అవ్వకు లెటరు రాలేదని మాత్రం చెప్పాను. ఎందుకు రాలేదో చెప్పలేదు. ఆరు నెలలు పోయాక చెప్తానేమో.

8 మే

ప్రొజెక్టరు, కెమెరా, డబ్బాలు దింపి గోనెసంచిలో కట్టాను. గోడ మీద బొట్లు అట్లాగే ఉన్నాయి. వాటిని చూసుకొనే మనుషులున్నారు, నాకెందుకు.

అదే నిచ్చెన నీలం తలుపు పక్కన వేసుకొని కన్ను గీశాను. తెల్ల పెయింటు, నల్ల పెయింటు, రెప్పలకు సన్న కుంచె. దూరం నుంచి కూడా కనిపించాలని తలుపు పై సగమంతా గీశాను. రాజక్క కింద నిలబడి ‘రెప్పలు గిన్నెందుకు తమ్మీ, పెండ్లిపిల్లనా?’ అంది. ‘నీ పని నువ్వు చూసుకో అక్కా’ అన్నాను. రెప్పలు మాత్రం తగ్గించలేదు.

పదకొండు గంటలప్పుడు ఒక ముసలామె వచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుంది, చేతి వేళ్ళ మధ్య చీటీ నలిగిపోయి ఉంది. ఒక కన్ను నీరు కారుతోంది. హాలు నడిమధ్య ఆగి నలువైపులా చూసింది. ఇటు రా అవ్వా అనబోయాను. పళ్ళ మధ్య నాలుక పెట్టి కరిచాను.

తలెత్తి, తలుపు మీద పెయింటు తడి ఆరని కన్నును చూసింది. నా నిచ్చెన కింది నుంచే వంగి నడిచింది. నీలం తలుపు నెట్టుకొని లోపలికి పోయింది. చేతికి పెయింటు అంటిందేమో కూడా చూసుకోలేదు.

నెల రోజులు నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇంత సులువుగా జరిగేసరికి ఒళ్ళు మండిపోయింది.

ఎవరినీ అడగలేదు. నిచ్చెన మీద ఎవడున్నాడో కూడా చూడలేదు.